కొసరు మొక్కల వేలం నిలుపుదల గురించి

కడియం మండలం, తూర్పు గోదావరి జిల్లా,
11 మార్చి 1999.

గౌరవనీయులైన ఆర్థికాధికారి గారికి,
కేంద్ర పుష్ప పరిశోధనా నిధి,
దక్షిణ ప్రాంతీయ కార్యాలయం, హైదరాబాదు.

అయ్యా,

విషయం: కనకాంబరం ఎండు తెగులు పరిశోధన – మొదటి సంవత్సరం ఖర్చుల నివేదికపై తమ కార్యాలయ అభ్యంతరం – బిల్లు లేకుండా అందిన వంద మొక్కలు – వాటిలో బతికి ఉన్న నలభై మూడింటిని ఈ నెల 26వ తేదీన వేలం వేయకుండా ఆపించవలసిందిగా కోరుట – గురించి.

సూచిక: తమ కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరాలు ఆరు. నేను రాసినవి తొమ్మిది.

క్రింద సంతకం చేసిన రాజరత్నం అను నేను, కడియం దగ్గర ఒక ఎయిడెడ్ డిగ్రీ కళాశాలలో ఇరవై రెండేళ్ళుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. సదరు పరిశోధనకు బాధ్యుణ్ణి కూడా నేనే. వెనకటి తొమ్మిది ఉత్తరాలూ ఇంగ్లీషులో రాశాను. కొసరు అన్న మాటకు ఇంగ్లీషులో సరైన మాట నాకు దొరకలేదు. ‘ఫ్రీ’ అని రాస్తే, అమ్మకందారు దగ్గర కానుక ఎందుకు పుచ్చుకున్నారని అడిగారు. ‘ఎక్స్‌ట్రా’ అని రాస్తే, ఆర్డరు కంటే ఎక్కువ సరుకు ఎవరి అనుమతితో దించుకున్నారని అడిగారు. ‘బోనస్’ అని రాయడం మాత్రం నా తప్పే. ఏ ఉద్యోగికి, ఏ నిబంధన కింద అని వచ్చిన ప్రశ్నకు నేను ఇప్పటికీ జవాబు పంపలేదు.

జనవరిలో తమరు ఆ సీటులోకి వచ్చారనీ, తమరిది ద్రాక్షారామం అనీ మా ప్రిన్సిపాలు గారు చెప్పగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కూరగాయల బుట్ట దించిన మనిషిని కరివేపాకు రెబ్బో, నాలుగు పచ్చిమిరపకాయలో కొసరు అడగని ఇల్లు మన జిల్లాలో ఉండదు. అందుచేత ఈ అర్జీ తెలుగులో రాసుకుంటున్నాను. కొంచెం పొడుగైతే మన్నించవలెను.

1. సదరు పరిశోధనకు మొదటి ఏడాదికి మంజూరైన సొమ్ము ఒక లక్షా నలభై ఎనిమిది వేల రూపాయలు. పరికరాలు, కూలి, వినియోగ సామగ్రి, ప్రయాణం, చిల్లర ఖర్చులు, సంస్థ నిర్వహణ అని ఆరు పద్దులు. ఒక పద్దు సొమ్ము తమ అనుమతి లేనిదే ఇంకో పద్దులోకి పోరాదు. ఏప్రిల్లో రావలసిన చెక్కు 1998 జనవరి 12న వచ్చింది. మార్చి 31లోగా ఖర్చు కానిది వెనక్కి పంపాలి. అంటే ఏడాది పని డెబ్బై ఎనిమిది రోజుల్లో అయిపోవాలి. కనకాంబరానికి ఆర్థిక సంవత్సరం తెలియదు. అయినప్పటికీ ఆరు పద్దుల్లోనూ ఒక్క రూపాయి మిగల్చలేదు, ఒక్క రూపాయి దాటలేదు. ఇది గొప్ప కోసం రాయడం లేదు. కాస్త గొప్ప కోసం కూడా.

2. వినియోగ సామగ్రి పద్దు కింద, కడియపులంకలో లోవమ్మ గారి నర్సరీ నుంచి వెయ్యి కనకాంబరం మొక్కలు ఒక్కొక్కటి రూపాయిన్నర చొప్పున కొనడమైనది. మూడు కొటేషన్లు తీసుకున్న తర్వాతే కొన్నాను. జనవరి 29న మొక్కలు ట్రాక్టరులో దిగాయి. దగ్గరుండి లెక్కపెట్టించాను. పదకొండు వందలు వచ్చాయి. మా వైపు నర్సరీ వాళ్ళు నూటికి పది కొసరు వేస్తారు. దారిలో వాడిపోయేవి, నాటాక చచ్చేవి పోగా కొన్నవాళ్ళకు నూరూ దక్కాలని వాళ్ళ లెక్క. అది ఎవరూ ఎక్కడా రాయరు. నేను రాశాను. స్టాకు రిజిస్టరులో ‘అందినవి: 1,100’ అని ఎర్ర సిరాతో రాసి, కింద గీత గీసి సంతకం చేశాను. ఈ గొడవ అంతటికీ మూలం ఆ ఒక్క పంక్తి.

పైగా కొసరు మొక్కల్ని కొన్నవాటిలో కలిపెయ్యకుండా చివరి రెండు వరసల్లో విడిగా నాటి, కొ-1 నుంచి కొ-100 వరకు చీటీలు కట్టాను. నాకు అన్నీ అలా ఉంటేనే అన్నం సయిస్తుంది. మా ఇంట్లో చింతపండు డబ్బా మీద కూడా తేదీ వేసి ఉంటుందని మా ఆవిడ రత్నమాణిక్యం చుట్టాలకు చెప్పి నవ్విస్తూ ఉంటుంది.

3. మే నెలలో ఖర్చుల నివేదిక, దానితోపాటు ఇచ్చిన సొమ్మంతా ఇచ్చిన పనికే వాడామని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాను. జూలైలో తమ కార్యాలయం అభ్యంతరం తెలిపింది. బిల్లు వెయ్యికి, రిజిస్టరు పదకొండు వందలకు. తేడా వంద మొక్కలూ వెనక్కి ఇచ్చి రసీదు పంపాలి, లేదా ధర చెల్లించి బిల్లు పంపాలి. అంతవరకు సర్టిఫికెట్ అంగీకరించబడదు, రెండో ఏడాది సొమ్ము లక్షా పన్నెండు వేలు విడుదల కాదు. చదివితే న్యాయంగానే అనిపించింది. స్కూటరు వేసుకుని లోవమ్మ గారి దగ్గరికి వెళ్ళాను.

లోవమ్మ గారు అరవై దాటిన మనిషి. అరెకరం నర్సరీ ఒక్క చేతి మీద నడుపుతారు. నా మొహం చూసి ముందు మజ్జిగ ఇప్పించారు, తర్వాత సంగతి విన్నారు. కొసరు వెనక్కి పుచ్చుకున్న మనిషని పేరు పడితే మళ్ళీ తన గుమ్మం ఎవరూ తొక్కరని, అది కుదరదని చెప్పారు. పోనీ నూట యాభై రూపాయలు తీసుకుని వందకూ బిల్లు ఇవ్వమన్నాను.

“డబ్బులు పుచ్చుకుంటే అది కొసరెలాగవుద్దండి మేస్టారూ? అది కొన్నట్టు. కొంటే ఆ వందకీ మళ్ళీ పది కొసరెయ్యాలి నేను,” అన్నారు.

ఆ పదికీ బిల్లు రాయిస్తే మళ్ళీ ఒకటి వేస్తారు. నేను గణితం మాస్టారిని కాను గానీ, ఈ లెక్క తమ కార్యాలయంలో ఎప్పటికీ ముగియదని ఆ మజ్జిగ గ్లాసు దగ్గరే అర్థమైంది. అందుచేత నా సొంత డబ్బు నూట యాభై రూపాయలు తమ కార్యాలయం పేర డీడీ తీసి పంపాను. డీడీ కమిషను పాతిక రూపాయలు కూడా నాదే. మూడు వారాలకు డీడీ తిరిగి వచ్చింది. సదరు మొత్తం స్వీకరించుటకు పద్దు లేదట. కమిషను ఏ పద్దులో చూపారో తెలుపవలసిందని కింద ఒక పంక్తి ఉంది.

4. ఇక మొక్కల సంగతి. తమ విభాగానికి మొక్కలతో పని లేదని తెలుసును. కానీ ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

కళాశాల వెనక పావు ఎకరంలో, కనకాంబరం ఎండిపోయిన పొలాల మట్టి తెచ్చి నింపిన మడి ఉంది. అందులో మొక్క నాటడమంటే చావమని నాటడమే. ఏది చావదో చూడడమే మా పరిశోధన. వానలు పడ్డాక, ఆగస్టు నుంచి వేళ్ళు కుళ్ళి, ఆకులు వేలాడేసి, ఒక్కొక్కటే పడిపోవడం మొదలైంది. ప్రతి ఉదయం కాఫీ తాగకముందే వెళ్ళి పోయినవి రాసుకునేవాణ్ణి. అక్టోబరు ఆఖరుకు, తమ సొమ్ముతో కొన్న వెయ్యి మొక్కలూ పోయాయి. ఒక్కటి మిగల్లేదు. కొసరు వందలో యాభై ఏడు పోయాయి, నలభై మూడు నిలబడ్డాయి. నవంబరు రెండో వారంలో ఆ నలభై మూడూ పూశాయి.

ఇరవై రెండేళ్ళుగా తెగుళ్ళ పేర్లు నల్లబల్ల మీద రాస్తున్నాను, చెరుపుతున్నాను. ఒక తెగులు ఓడిపోవడం కళ్ళారా చూడడం అదే మొదలు. ఆ రెండు వరసల మధ్య నిలబడి ఏడ్చాను. అర్జీలో ఇటువంటివి రాయకూడదేమో తెలియదు. జరిగింది మాత్రం అదీ.

లోవమ్మ గారిని పిలిపించి చూపించాను. ఆమె మొక్కల్నీ నన్నూ చూసి చాలాసేపు నవ్వారు. అమ్మకం మడిలో సరిగ్గా వెయ్యే ఉన్నాయట. కొసరుకు చాలక, కాలవ గట్టున ఎవరూ పట్టించుకోని పాత మడిలోంచి వంద పీకి వేశారట. తొమ్మిదేళ్ళ కిందట ఆ మడిలో కనకాంబరమంతా తెగులుకు ఎండిపోయింది. తర్వాత వాటంతట అవే మొలిచి, వాటంతట అవే బతికిన మొక్కలవి. ఆ గట్టు మీద మిగిలినవి ఏమైనా ఉన్నాయా అని ఆత్రంగా అడిగాను. మొన్న వేసవిలో అది పంచాయతీ రోడ్డులో కలిసిపోయిందన్నారు. కాబట్టి నాకు తెలిసినంతలో ఆ రకానికి మిగిలినవి మా కళాశాల పెరట్లో నలభై మూడే.

5. ఈ సంగతి తెలిసిన తర్వాత మా కళాశాల ఆఫీసు సూపరింటెండెంటు అప్పారావు గారు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. ముప్పై ఏళ్ళలో ఒక్క కాగితం పోగొట్టని మనిషి. నా మీద జాలితోనే పిలిచారు.

“వందా చచ్చిపోయాయని ఒక్క లైను రాసెయ్యండి మాస్టారూ. కొన్న వెయ్యీ పోతే ఎవరైనా అడిగారేంటండి? చచ్చిన మొక్క జోలికి ఏ ఆడిటూ రాదు,” అన్నారు.

ఆయన అన్నది నిజం. వెయ్యి మొక్కలు చచ్చిపోయినందుకు తమ కార్యాలయం నుంచి ఇంతవరకు ఒక్క ప్రశ్న రాలేదు. నలభై మూడు బతికినందుకు ఆరు ఉత్తరాలు వచ్చాయి. కానీ అయ్యా, నేను ఏటా రెండు నివేదికలు పంపాలి. ఒకటి ఖర్చులది, ఇంకొకటి శాస్త్రానిది. ఒకదానిలో చచ్చి, రెండోదానిలో పూసే మొక్కల్ని నేను ఎక్కడి నుంచి తేగలను? ఏ మొక్కలైతే లేవని రాయమంటున్నారో అవే ఈ పరిశోధనకు దొరికిన ఫలితం. ఆ ఒక్క లైను నా చేత్తో రాయలేనని అప్పారావు గారికి చెప్పి, చెయ్యి పట్టుకుని కృతజ్ఞతలు తెలిపి వచ్చాను.

6. (ఈ అంశం కోపంలో రాసి, భోజనం చేశాక కొట్టివేయడమైనది.)

7. డిసెంబరు 14న తమ కార్యాలయం నుంచి ఒకే కవరులో రెండు ఉత్తరాలు అందాయి. స్టాంపు ఖర్చు కలిసి వస్తుందని అలా పంపినట్టున్నారు. మొదటిది శాస్త్ర విభాగం వారిది. ఫలితం ఎంతో ఆశాజనకంగా ఉందని, నలభై మూడు మొక్కల చుట్టూ కంచె వేసి కంటికి రెప్పలా కాపాడాలని, వచ్చే వానాకాలం కూడా ఆ మట్టిలోనే నిలిచేదాకా ఒక్క ఆకు సైతం తుంచరాదని అందులో ఉంది. చదివి ఉబ్బిపోయాను. రెండోది తమ సీటులో అప్పుడున్న వారిది. బిల్లు లేని సదరు మొక్కలను మిగులు సరుకుగా భావించి, బహిరంగ వేలంలో అమ్మి, 31 మార్చి 1999లోగా సొమ్ము జమ చేయవలెనని అందులో ఉంది. రెంటి మీదా తేదీ ఒక్కటే. రెంటినీ టైపు చేసిన మిషనులో ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం ఒకేలా విరిగి ఉంది.

8. వేలం నిబంధనలు కూడా తమ దృష్టికి తేవడం నా ధర్మం. పాడుకున్నవారు ఇరవై నాలుగు గంటల్లో మొక్కలు పీకి స్థలం ఖాళీ చేయాలి. వేలం ప్రకటన పేపర్లో వేయాలంటే ఆరు వందల నలభై రూపాయలు అవుతుంది. చిల్లర ఖర్చుల పద్దులో పైసా లేదు. ఇంకో పద్దు నుంచి మార్చుదామంటే రెండో ఏడాది సొమ్ము రావాలి. అది రావాలంటే వేలం జరగాలి. ప్రిన్సిపాలు గారు ఈ మాట విని తల పట్టుకుని, నోటీసు బోర్డు మీద అతికించి ఊరుకున్నారు. ఆయన తప్పేమీ లేదు. పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఆయన మాత్రం ఎలా కాదంటారు?

నేటి వరకు వాకబు చేసినవారు ఇద్దరు. ఒకాయన హోటలు వరండాలో కుండీలకు సరిపోతాయా అని అడిగి, మట్టి తెగులు మట్టి అని చెప్పగానే వెళ్ళిపోయారు. రెండో ఆయన మేకలున్నాయన. మొక్కలతో పని లేదు, ఆకు వరకు ఇస్తే ఎంతకిస్తారని అడిగాడు. ఇప్పటికి వేలంలో ముందున్నది ఆయనే.

కాబట్టి తమరికి నా మనవి ఏమనగా, 26వ తేదీ వేలాన్ని ఒక్క టెలిగ్రాముతోనైనా ఆపించండి. కావాలంటే ఆ నూట యాభై నా జీతంలోంచి పట్టుకోండి, రెండింతలైనా పట్టుకోండి. స్టాకు రిజిస్టరులో నేను రాసిన పంక్తిని ఇలా దిద్దుకోవడానికి అనుమతి ఇప్పించండి: ‘కొన్నవి 1,000. కొసరు 100. ధర లేదు. కారణం: ఈ ప్రాంతపు ఆచారం.’ ఈ నాలుగు ముక్కల పక్కన తమరి సంతకం ఉంటే, తమ తర్వాత వచ్చేవారు ఎక్కడివారైనా మాలాంటివాళ్ళకు బెంగ ఉండదు. రెండో ఏడాది సొమ్ము కాస్త ఆలస్యమైనా ఓర్చుకుంటాను. ఇదివరకు అలవాటైన పనే. మొక్కలు మాత్రం ఒకసారి పీకితే మళ్ళీ నాటేవి కావు. వచ్చే వానలకు అవి ఆ మట్టిలోనే ఉండాలి.

కడియం చుట్టుపక్కల కనకాంబరం తీసేసి వేరే తోటలు వేసుకున్నవాళ్ళు ఎంతమందో నాకు తెలుసును. తెల్లవారుతూనే పూలు కోసి, మాల కట్టి, ఆ పూటకు ఆ పూట ఇల్లు గడుపుకున్న ఆడవాళ్ళు వాళ్ళంతా. ఈ మొక్కలు నిలిస్తే వాళ్ళ తోటలు మళ్ళీ లేస్తాయి. దానికంటే నాకు వేరే కోరిక లేదు.

పై సంగతులన్నీ తమరు తీరికగా, వీలైతే భోజనం చేశాక చిత్తగించవలెనని కోరుతూ,

ఆరు పద్దులకూ, నలభై మూడు మొక్కలకూ జవాబుదారీ అయిన
తమ విధేయుడు,
రాజరత్నం,
వృక్షశాస్త్ర అధ్యాపకుడు.

జత చేసినవి: ఖర్చుల నివేదిక నకలు, స్టాకు రిజిస్టరు పుట నకలు, తిరిగి వచ్చిన డీడీ, ఒకే కవరులో వచ్చిన రెండు ఉత్తరాల నకళ్ళు.

తా.క. పైదంతా అప్పారావు గారు టైపు చేసిపెట్టి ఇంటికి వెళ్ళారు. ఇక్కడి నుంచి నా చేతిరాత.

తమరు మా జిల్లా మనిషి. ఇంత ఓపిగ్గా చదివినవారి దగ్గర ఒక్కటి దాచి సంతకం పెట్టడం నాకు మనస్కరించలేదు. డిసెంబరులో ఆ కవరు వచ్చిన తర్వాతి ఆదివారం, కళాశాలలో ఎవరూ లేనప్పుడు కత్తెర పట్టుకుని మడిలోకి వెళ్ళాను. మొక్కకు నాలుగేసి కొమ్మలు కత్తిరించి, తడి గోనెలో చుట్టి, స్కూటరు మీద లోవమ్మ గారి దగ్గరికి చేర్చాను. ఒక్క ఆకు తుంచరాదన్న ఉత్తరాన్నీ, మొత్తం అమ్మేయమన్న ఉత్తరాన్నీ ఒకే కత్తెరతో ఉల్లంఘించాను. ఆమె వాటిని ఇసకలో గుచ్చి, నీడన పెట్టి, రోజుకు రెండు పూటలా నీళ్ళు చిలకరించి చంటిపిల్లల్ని సాకినట్టు సాకారు.

ఫిబ్రవరిలో, తోటలు పోయినవాళ్ళందరికీ ఆమే కబురు పెట్టారు. ఎవరెవరు వచ్చారో, ఎన్నెన్ని పట్టుకెళ్ళారో నేను రాసుకోలేదు. రాద్దామని పుస్తకం తెరిస్తే, “ఇంకా మీకు బుద్ధి రాలేదేంటండీ,” అని లోవమ్మ గారు లాక్కున్నారు. మొదటి పది పట్టుకెళ్ళింది మా అప్పారావు గారు. ఆయన పేరు తమరు దయచేసి మరిచిపోవాలి.

మేకలాయన పాడుకున్నా ఇప్పుడు రకం పోదు. అయినా ఆ తెగులు మట్టిలో నలభై మూడూ ఇంకో వానాకాలం నిలబడితేగానీ నేను చెప్పేది రుజువు కాదు, అందుకే ఈ అర్జీ. కొమ్మల సంగతి అడిగితే నేనే చేశానని ఎన్ని కాపీలైనా రాసిస్తాను. వాటిని వెనక్కి తెప్పించమంటే మాత్రం నా వల్ల కాదండి. వేళ్ళు దిగిపోయాయి.